విడాకుల మధ్యలో చిన్నపిల్లలతో ఊరు మారాలంటే: లారీ మాట్లాడే ముందు, ఆ తర్వాత

నేను లారీకి అడ్వాన్స్ ఇచ్చాక లాయరు దగ్గరికి వెళ్లాను. నా వరస అదీ. ఉద్యోగం దొరికింది, అక్క ఉండే ఊళ్లో ఇల్లు చూసుకున్నాను, పెద్దదానికి బడిలో సీటు కూడా మాట్లాడాను. ఇక మిగిలింది సంతకాలే అనుకున్నా. ఆవిడ అంతా ఓపిగ్గా విని ఒకటే అడిగారు: "మరి పిల్లలు వాళ్ల నాన్నని ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు కలుస్తారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్స్ పోయింది, ప్రయాణం నాలుగు నెలలు వెనక్కి పోయింది. ఆ నాలుగు నెలల్లో చేసిన పనే తర్వాత మమ్మల్ని ఆదుకుంది.

కొత్త ఇల్లు, కొత్త బడి తర్వాత. ముందు పిల్లలకీ అవతలివారికీ మధ్య దారి ఎలా ఉండబోతోందో కాగితం మీద పెట్టాలి. జడ్జి అడిగేది అదే, నాలుగేళ్ల పిల్ల దీపం ఆర్పాక అడిగేదీ అదే. (ఇక్కడ 'అవతలివారు' అంటే మీతో రాని తల్లో, తండ్రో.) చట్టం దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి మీ చోట ఫ్యామిలీ కేసులు చూసే లాయరుతో ఒక గంట కూర్చోవడం తప్పదు. ఇది చదివి వెళ్తే ఆ గంట వృథా పోదు.

1. కేసు ఏ దశలో ఉందో తేల్చుకోండి

ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది మొత్తం దీని మీదే ఉంటుంది.

కేసు ఇంకా వేయలేదనుకోండి. చాలాచోట్ల తల్లిదండ్రులిద్దరికీ సమాన హక్కులుంటాయి, కాబట్టి వెళ్లకుండా ఆపే కాగితమేదీ ఉండకపోవచ్చు. కానీ మీరు ఊరు మారినంత మాత్రాన కేసు మీ వెంట రాదు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ పాటించే 1997 నాటి ఉమ్మడి చట్టం ప్రకారం, కేసుకి ముందు 6 నెలలు బిడ్డ ఎక్కడ ఉందో ఆ రాష్ట్రమే 'హోమ్ స్టేట్', కేసు వినే అధికారం దానిదే. మీరు వచ్చేసినా, అక్కడే ఉండిపోయిన అవతలివారు 6 నెలల్లోపు అక్కడే కేసు వేయొచ్చు. భారత్‌లో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 కూడా బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతపు కోర్టుకే అధికారం ఇస్తుంది. 'అక్కడికెళ్లి అక్కడే కేసు వేసుకుంటా' అనే ప్లాన్ చాలాసార్లు వాయిదాలకి పాత ఊరు తిరగడంతో తేలుతుంది.

కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా కదలకండి. కొన్నిచోట్ల విడిగా ఆర్డరు కూడా అక్కర్లేదు. కాలిఫోర్నియాలో విడాకుల సమన్లలోనే నిషేధం ఉంటుంది: అవతలివారి రాతపూర్వక ఒప్పుదల గానీ కోర్టు ఆర్డరు గానీ లేకుండా పిల్లల్ని రాష్ట్రం దాటించకూడదు. ఇలాంటప్పుడు తుది తీర్పు దాకా ఆగలేకపోతే మధ్యంతర అనుమతికి పిటిషన్ వేస్తారు.

ఆర్డరు ఇప్పటికే చేతిలో ఉంటే, దాన్ని వాక్యం వాక్యం చదవండి. ఎంత దూరం దాటితే 'మారడం' కింద లెక్క, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అన్నవి చూడండి. ఆర్డరులో లేకపోతే చట్టంలో ఉండొచ్చు. ఫ్లోరిడాలో కనీసం 50 మైళ్లు, 60 రోజులకు తగ్గకుండా మారితే అది లెక్కలోకి వస్తుంది. కెనడాలో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అవతలివారికి అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. ఇంగ్లండ్‌లో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టు తేల్చి ఉంటే, ఆ వ్యక్తి బిడ్డని నెలలోపు విదేశానికి తీసుకెళ్లి రావొచ్చు. అంతకు మించితే సంబంధిత పెద్దలందరి రాతపూర్వక ఒప్పుదలో, కోర్టు అనుమతో కావాలి.

దేశం దాటుతుంటే ఇంకో మెట్టు ఉంది

ఇక్కడ పొరపాటు చేస్తే దిద్దుకోవడం చాలా కష్టం. 1980 అక్టోబరు 25 నాటి హేగ్ ఒప్పందంలో వందకి పైగా దేశాలున్నాయి. 16 ఏళ్లలోపు బిడ్డని ఒకరి హక్కుకి విరుద్ధంగా ఒక సభ్య దేశం నుంచి ఇంకో సభ్య దేశానికి తీసుకెళ్తే, సాధారణంగా వెనక్కి పంపాల్సిందే. ఏడాదిలోపు దరఖాస్తు పెడితే కోర్టుకి పెద్దగా వేరే దారి ఉండదు. బిడ్డకి తీవ్రమైన ప్రమాదం ఉందని రుజువు చేయగలిగితే అది మినహాయింపు, అదీ తేలిగ్గా ఒప్పుకోరు. ఏడాది దాటితే బిడ్డ కొత్త చోట కుదురుకుందా అని చూస్తారు. 'సెలవులకని వచ్చి ఉండిపోయాం' అన్నదీ ఇందులోకే వస్తుంది. టికెట్టు రిటర్నుదా కాదా అన్నది కూడా వాదనలో వస్తుంది.

భారత్ ఈ ఒప్పందంలో చేరలేదు. దీన్ని చూసి 'అయితే వచ్చేస్తే సరి' అనే సలహా చుట్టాల దగ్గర్నుంచి తప్పకుండా వస్తుంది. వినకండి. భారతీయ కోర్టులు బిడ్డ మేలు చూసి తేలుస్తాయి, కొన్నిసార్లు తిరిగి పంపమంటాయి కూడా. ఈలోపు అవతలి దేశంలో మీ మీద ఆర్డరో, వారంటో పుడితే మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టలేని పరిస్థితి వస్తుంది. పాస్‌పోర్టు సంగతి కూడా ముందే చూసుకోండి. మైనరు పాస్‌పోర్టుకి చాలా దేశాలు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. అమెరికాలో 16 ఏళ్లలోపు వారికి మామూలుగా ఇద్దరి ఒప్పుదలా కావాలి.

ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉంటే

ఇక్కడ చెప్పే వరస మీకు వర్తించదు. ముందు చెప్పి, మెయిలు పెట్టి, జవాబు కోసం ఆగడం ప్రమాదం. ముందు బయటపడండి, వెంటనే, వీలైతే మర్నాడే, కోర్టుకెళ్లి రక్షణ ఆర్డరూ తాత్కాలిక కస్టడీ అడగండి. భారత్‌లో 2005 గృహహింస చట్టం సెక్షన్ 21 కింద మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వొచ్చు. ఎందుకు చెప్పకుండా వచ్చారో చూపించే కాగితాలు (ఆసుపత్రి చీటీ, ఫిర్యాదు కాపీ, మెసేజ్‌లు) వీలైతే వెంట తెచ్చుకోండి, లేకపోతే తర్వాత సంపాదించవచ్చు. ఫోనులో లొకేషన్ షేరింగ్ ఆపండి. పిల్లల ట్యాబ్, బొమ్మ వాచీ, కారులోని ఆప్ కూడా చూడండి. చాలామంది ఫోను ఒక్కటే ఆపి ఊరుకుంటారు. కొత్త అడ్రసు కోర్టు కాగితాల్లో అవతలివారికి కనిపించకుండా ఉంచమని లాయరుని మొదటిరోజే అడగండి.

2. ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీ రాయండి

కోర్టు కోసం కాదు, ముందు మీకోసం. నా మొదటి పేజీ నిండా ఆయన చేసినవే ఉన్నాయి. లాయరు చూసి మడిచి తిరిగిచ్చేశారు. రెండోసారి రాసినప్పుడు ఒక్కో కారణం పక్కన 'దీనివల్ల పిల్లలకి ఏం మారుతుంది' అని ఇంకో గడి గీశాను. 'జీతం పెరుగుతుంది' పక్కన 'సాయంత్రం 5 కల్లా ఇంట్లో ఉంటాను' అని వచ్చింది. 'అక్క దగ్గర ఉంటుంది' పక్కన 'చిన్నదానికి జ్వరం వస్తే తెలిసిన మనిషి చూస్తుంది' అని వచ్చింది. 'ఇక్కడ ఊపిరాడటం లేదు' పక్కన మాత్రం ఏమీ రాలేదు. అది నిజమే, నాకు చాలా పెద్ద కారణమే, కానీ ఆ గడి ఖాళీగా ఉంటే జడ్జికి కనిపించేది ఆ ఖాళీయే.

కోర్టులు దీన్ని ఎలా చూస్తాయన్నదీ మారుతూ వచ్చింది. 1996లో కెనడా సుప్రీంకోర్టు, కస్టడీ ఉన్నవాళ్ల మాటకి ముందే మొగ్గు ఉండదని, బిడ్డ వైపు నుంచి చూడాలని చెప్పింది. ఇంగ్లండ్‌లో 2001 నాటి అప్పీలు కోర్టు తీర్పు ఒకటి, తల్లికి అనుమతి నిరాకరిస్తే ఆమె మీద పడే ప్రభావానికి చాలా బరువిచ్చింది. 2011లో అదే అప్పీలు కోర్టు, అవి సూచనలే, నియమం మాత్రం బిడ్డ సంక్షేమం ఒక్కటే అని స్పష్టం చేసింది. 2010లో అనేక దేశాల జడ్జీలు, నిపుణులు కలిసి చేసిన వాషింగ్టన్ ప్రకటన కూడా వెళ్లడానికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ముందే ఏదీ ఊహించుకోవద్దంది. అంటే 'తల్లిని కదా, ఇచ్చేస్తారు' అనీ, 'తండ్రిని కదా, ఇవ్వరు' అనీ అనుకుని కూర్చోకండి.

3. అవతలివారికి రాసి అడగండి

ఫోనులో మాట్లాడితే గొడవవుతుంది, గొడవయ్యాక ఎవరేమన్నారో ఇద్దరికీ వేరేవేరుగా గుర్తుంటుంది. మెయిలు రాయండి, చిన్నది. నాది దాదాపు ఇలా ఉంది:

"పిల్లల విషయం ఒకటి. నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది, జూన్‌లో చేరాలి. పిల్లల్ని తీసుకెళ్లాలని ఉంది. మీ ఒప్పుదల గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా తీసుకెళ్లను. నెలలో రెండో, నాలుగో శని ఆదివారాలు మీ దగ్గర, పెద్ద సెలవుల్లో సగం, రోజూ రాత్రి ఏడున్నరకి వీడియో కాల్ అనుకుంటున్నాను. తీసుకొచ్చి దింపడం నాది, తిరిగి పంపడం మీది. ఇందులో ఏది కుదరదో పది రోజుల్లో చెప్పండి."

నిందలు లేవు, 'నా హక్కు' లేదు. దీన్ని రేపు జడ్జి చదివినా సిగ్గుపడక్కర్లేదు. ఆయన మొదటి జవాబు ఒకటే ముక్క: "కుదరదు". మూడో మెయిలుకి 'ఏడున్నరకి నేను ఆఫీసులో ఉంటా, ఎనిమిదింటికైతే సరే' అని వచ్చింది. ఆ వాక్యం చూశాక లాయరు ఇక మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి, వెళ్దామన్నారు.

ఇద్దరూ ఒప్పుకున్నా దాన్ని చాటింగ్‌లో వదిలేయకండి. రాసి, సంతకాలు పెట్టి, కోర్టు ముందు పెట్టి ఆర్డరుగా మార్చుకోండి. ఈరోజు 'సరే' అన్న మనిషికి ఏడాది తర్వాత కొత్త లాయరు రావచ్చు.

4. కలిసే షెడ్యూల్ పిల్లల వయసుని బట్టి వేయండి

ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి. పెద్దవాళ్ల సౌకర్యానికి వేసిన షెడ్యూల్ మూడు నెలల్లో విరిగిపోతుంది.

రెండేళ్లలోపు బిడ్డకి నెల అంటే చాలా పొడుగు. నెలకొకసారి నాలుగు రోజులకన్నా, కాస్త తక్కువ సేపైనా తరచూ కలవడం మేలు. దూరం ఎక్కువైతే బిడ్డని తిప్పేబదులు పెద్దవాళ్లే బిడ్డ ఉండే ఊరికి వచ్చి రెండు రోజులు ఉండేలా రాసుకోండి. బిడ్డకి స్నానం చేయించడం, పడుకోబెట్టడం లాంటి మామూలు పనులు కూడా ఆ రెండు రోజుల్లో అవతలివారివే కావాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ఒకటి రెండు రాత్రుల నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. బడికెళ్లే పిల్లలకి శని ఆదివారాలు, సెలవులు పంచుకోవడం కుదురుతుంది. ఇవన్నీ మొత్తమ్మీద చెప్పేవే, మీ బిడ్డ తీరు మీకే తెలుసు.

షెడ్యూల్‌లో జనం మర్చిపోయేవి కొన్ని: టికెట్ల డబ్బు ఎవరిది, ప్రయాణంలో తోడు ఎవరు (చాలా విమాన సంస్థలు 5 ఏళ్లలోపు పిల్లల్ని పెద్దలు లేకుండా ఎక్కించుకోవు), బిడ్డకి జ్వరమొచ్చి ప్రయాణం ఆగితే ఆ రోజులు ఎప్పుడు సర్దాలి, పుట్టినరోజు ఎవరి దగ్గర, బండి రెండు గంటలు లేటైతే ఎవరికి ఫోన్ చేయాలి. గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

వీడియో కాల్ గురించి ఒక మాట. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2016లో 18 నెలల్లోపు పిల్లలకి స్క్రీన్ వద్దన్నప్పుడు వీడియో చాట్‌ని మాత్రం మినహాయించింది. కాబట్టి 'ఫోను చూపించకూడదు' అని కాల్ ఎగ్గొట్టకండి. కానీ మూడేళ్ల పిల్లని ఫోను ముందు కూర్చోబెట్టి 'నాన్నకి ఏం చేశావో చెప్పు' అంటే చెప్పదు. మా చిన్నది మొదటివారం అంతా కెమెరాకి కాలివేళ్లు చూపించింది. తర్వాత రెండు ఇళ్లలో ఒకటే బొమ్మల పుస్తకం కొని పెట్టాం. ఆయన అక్కడ పేజీ తిప్పితే ఇది ఇక్కడ తిప్పేది. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మీరు గదిలోంచి బయటికి వెళ్లండి. వినడం కూడా ఒకరకంగా జోక్యమే.

5. ఫైలు

జనన ధ్రువపత్రాలు, టీకాల కార్డు, బడి టీసీ, మార్కుల కాగితాలు, డాక్టరు చీటీలు, రెండు వారాలకి సరిపడా మందులు, పాస్‌పోర్టులు, కోర్టు ఆర్డరు ధ్రువీకరించిన కాపీ, అవతలివారి ఒప్పుదల లేఖ. ఇవి లారీలో వేయకండి, చేతి సంచిలో ఉంచండి. అన్నిటికీ ఒక సెట్టు కాపీలు అవతలివారికి వదిలిపెట్టండి. వాళ్ల సొంత కాగితాల జోలికి పోకండి.

6. పిల్లలకి చెప్పడం

ఎప్పుడు? ఐదారేళ్ల పిల్లలకి మూడు నాలుగు వారాల ముందు. మూడేళ్ల వాళ్లకి వారం ముందు చాలు, వాళ్లకి 'వచ్చే నెల' అన్నది అర్థం కాదు. కేసు తేలకముందు అసలు చెప్పకండి; వెళ్తామని చెప్పి ఆగిపోవడం పిల్లలకి రెండు దెబ్బలు.

ఇద్దరూ కలిసి చెప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు. కుదరకపోతే కనీసం ఇద్దరూ ఒకే మాట చెప్పేలా ముందే అనుకోండి. మాటలు చిన్నవి: 'అమ్మ, మీరు కలిసి కొత్త ఇంటికి వెళ్తారు. నాన్న ఈ ఇంట్లోనే ఉంటారు. నాలుగు రాత్రులు పడుకుంటే నాన్న దగ్గరికి వస్తారు. ఇది పెద్దవాళ్లు తీసుకున్న నిర్ణయం, మీవల్ల కాదు.' చివరి వాక్యం వదలకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఏం జరిగినా తాము చేసినదానివల్లే అనుకుంటారు. పెద్దది తాను గ్లాసు పగలగొట్టినందుకే నాన్న రావడం లేదనుకుందని నాకు రెండు నెలల తర్వాత తెలిసింది.

'ఊరికే తిరిగొద్దాం' అని తీసుకెళ్లి అక్కడే ఉంచేయడం, 'నాన్నకి మనం అక్కర్లేదు' అనడం, 'నువ్వెక్కడ ఉంటావో నువ్వే చెప్పు' అని బిడ్డ నెత్తిన పెట్టడం, ఈ మూడూ వద్దు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం బిడ్డ మాట వినమంటుంది, నిర్ణయం బిడ్డ మీద వేయమనదు.

వాళ్ల ప్రశ్నలు మీరు సిద్ధం చేసుకున్నవి కావు. నేను పెద్ద పెద్ద జవాబులు బట్టీ పట్టి కూర్చుంటే, ఐదేళ్లది అడిగింది: "కొత్తింట్లో లైటు స్విచ్చి నాకు అందుతుందా?" అందదు. ఓనరుని అడిగి దాని మంచం పక్కన చిన్న దీపం పెట్టించాను.

7. సామాను, ప్రయాణం

పిల్లల గది చివర్లో సర్దండి, కొత్తింట్లో మొదట విప్పండి. దిండు గలేబు ఉతక్కండి. పాత ఇంటి వాసన కొన్ని రాత్రులు పని చేస్తుంది. బిడ్డకి ఒక చిన్న డబ్బా ఇచ్చి ఏం పెట్టుకుంటుందో దాని ఇష్టం అనండి. మా చిన్నది మూతలు పెట్టుకుంది, సీసాల మూతలు, పదకొండు.

అవతలివారి ఫోటో ఒకటి ఫ్రేములో పిల్లల గదిలో పెట్టండి. మీకు కష్టంగా ఉంటుంది, తెలుసు. మీరు చూడని గోడకి పెట్టండి.

వీలైతే వీడ్కోలు ముందురోజే అయిపోవాలి. లారీ ముందు, తాళ్లు బిగిస్తుంటే, ఏడుస్తూ చెప్పుకునేది పిల్లల కళ్లలో ఉండిపోతుంది.

8. మొదటి మూడు నెలలు

పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, బొటనవేలు నోట్లోకి వెళ్తుంది, బాత్రూమ్‌కి వెళ్తే కూడా వెంట వస్తారు. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. తిట్టకండి. తినడం, నిద్ర బాగా పడిపోయి వారాలైనా తేరుకోకపోతే, తనని తాను కొట్టుకుంటుంటే, మాట్లాడటం తగ్గిపోతే పిల్లల డాక్టరుకి చూపించండి.

అవతలివారి దగ్గర్నుంచి వచ్చిన రాత్రి ఏడుపు, అలకా ఉంటాయి. 'అక్కడ ఏదో జరిగింది' అని వెంటనే తేల్చేయకండి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారడమే ఆ ఏడుపు. అక్కడ ఏం తిన్నారు, ఎవరొచ్చారు అని గుచ్చి గుచ్చి అడగకండి. దెబ్బలు, భయం లాంటి గుర్తులు కనిపిస్తే మాత్రం తేదీతో రాసి, ఫోటో తీసి, డాక్టరుకి చూపించి, లాయరుకి చెప్పండి.

కొత్త బడిలో మొదటివారమే ఆర్డరు కాపీ ఇచ్చి, బిడ్డని ఎవరెవరు తీసుకెళ్లొచ్చో రాయించండి. రక్షణ ఆర్డరు లేకపోతే అవతలివారి నంబరు కూడా ఇవ్వండి, పేరెంట్స్ మీటింగు సంగతి వాళ్లకీ తెలియాలి. చిన్న డైరీ పెట్టుకోండి: ఏ రోజు కాల్ అయింది, ఏది తప్పింది, ఎందుకు. అభిప్రాయాలు వద్దు, తేదీ, సంగతి చాలు.

మీరు వెళ్లేవాళ్లు కాకుండా ఆగిపోయేవాళ్లయితే: అడ్డుపడటం ఒక్కటే పనిగా పెట్టుకోకండి. వెళ్లనివ్వకూడదని నిజంగా అనుకుంటే గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి, మీ దగ్గర బిడ్డ రోజు ఎలా గడుస్తుందో చూపించండి. పక్కనే ఒక రెండో ప్రతిపాదన కూడా పెట్టండి, 'కోర్టు అనుమతిస్తే నాకు ఈ రోజులు కావాలి' అని. అది పెట్టనివాళ్లకి వెళ్లేవాళ్లు రాసిన షెడ్యూలే మిగులుతుంది.

అనుమతి రాకపోతే ఏంటన్నది కూడా మొదటే ఆలోచించుకోండి. 'నేను ఆగిపోతాను' అంటారా, 'నేను వెళ్తాను, పిల్లలు ఇక్కడే' అంటారా? లాయరు ఈ ప్రశ్నకి మిమ్మల్ని తయారు చేయకపోతే మీరే అడగండి, కోర్టులో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఒప్పందంలో చివరి క్లాజు ఒకటి: మళ్లీ చూసుకునే తేదీ. రెండేళ్ల బిడ్డకి వేసిన షెడ్యూల్ ఆరేళ్లకి సరిపోదు. మాది 'చిన్నది ఒకటో తరగతిలో చేరిన నెలలో ఇద్దరం కూర్చుని మార్చుకోవాలి, కుదరకపోతే మీడియేటరు దగ్గరికి' అని ఉంది. ఆ నెల వచ్చే జూన్.